ఆర్.ఇ.ఎం. పదిహేను ఆల్బములు: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

ఆర్.ఇ.ఎం. అనే అమెరికన్ రాక్ బృందం 1983 నుంచి 2011 వరకు విడుదల చేసిన పదిహేను స్టూడియో ఆల్బముల సీడీలను నేను దాదాపు మూడేళ్లుగా ఒక్కొక్కటిగా కొంటూ వచ్చాను. చివరిది ఈ ఏడు ఉగాది వెళ్లిన తరువాత ఇంటికి చేరింది. రోహిణీ కార్తెలో విజయవాడ ఎండకు మధ్యాహ్నం పూట గడప దాటే పని ఎలాగూ ఉండదు కాబట్టి, ఆ రోజులు చూసుకొని, రోజుకు ఒక ఆల్బము చొప్పున, విడుదలైన వరుసలోనే, మొదటి పాట నుంచి చివరి పాట దాకా విన్నాను. నెలకు కొంత కడితే ఫోన్‌లోనే లోకంలోని పాటలన్నీ వినిపించే ఈ కాలంలో ఒకే బృందం సీడీలన్నీ డబ్బు పోసి కొనడం దండగా కాదా, కొనాలనుకుంటే వేటితో మొదలుపెట్టాలి, వేటిని నిస్సంకోచంగా వదిలేయవచ్చు అన్నవి నేను తేల్చుకోదలచిన విషయాలు. వినే సాధనాలు సామాన్యమైనవే: ఇరవై ఏళ్లనాటి సీడీ ప్లేయరు, దానికి తగిన ఒక ఆంప్లిఫయరు, పుస్తకాల బీరువాకు అటూ ఇటూ పెట్టిన రెండు స్పీకర్లు, నెత్తిమీద ఆగకుండా తిరిగే ఫ్యాను.

ఈ బృందం నాకు పరిచయమైంది అందరికీ అయినట్టే, 1991లో వచ్చిన లూజింగ్ మై రెలిజియన్ అనే పాటతో. అప్పుడప్పుడే మా సత్యనారాయణపురంలో డాబాల మీదుగా కేబుల్ టీవీ తీగలు లాగుతున్న రోజులవి. ఆ పేరు చూసి ఇదేదో మతం వదులుకున్నవాడి గోడు అనుకున్నాను. నాస్తిక కేంద్రం ఉన్న ఊరివాళ్లం కనుక ఆ అర్థం మాకు వింతగా కూడా తోచలేదు. అమెరికా దక్షిణాది నుడికారంలో ఆ మాటకు ఓపిక నశించిపోవడం, నిగ్రహం కోల్పోవడం అని అర్థమని చాలా ఏళ్లకు తెలిసింది. ఆ పాట వీడియోకు దర్శకుడు తర్సేమ్ సింగ్ అనే మన దేశంలో పుట్టినవాడేనని, అది ఆ ఏడాది ఎమ్‌టీవీ ఉత్తమ వీడియో పురస్కారం అందుకుందని తెలిసింది మరీ ఆలస్యంగా. కానీ నన్ను పట్టుకున్నది బొమ్మ కాదు, మాండలిన్. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ అదే వాద్యం మీద కర్ణాటక రాగాలను గమకాలతో సహా పలికించడం రేడియోలో విని పెరిగిన చెవికి, ఆ అమెరికన్ గిటారు కళాకారుడు అదే మాండలిన్‌ను అప్పుడే నేర్చుకుంటున్న పిల్లవాడిలా, నాలుగు తీగలను పదేపదే మీటుతూ పోవడం చిత్రంగా అనిపించింది. నిజంగానే పీటర్ బక్ మాండలిన్ ఇంకా నేర్చుకుంటూ, టీవీ చూస్తూ సాధన చేస్తుండగా ఆ వరుస కుదిరిందట. విద్వత్తు లేని ఆ మీటుడే పాటకు ప్రాణం.

ఆ నలుగురూ జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే విశ్వవిద్యాలయ పట్టణంలో కలిశారు. డ్రమ్స్ వాయించే బిల్ బెర్రీ, బేస్ గిటారు మైక్ మిల్స్ అదే రాష్ట్రంలోని మేకన్‌లో చదువుకునే రోజుల నుంచీ ఎరిగినవాళ్లు. పీటర్ బక్ రికార్డుల కొట్టులో గుమాస్తా. గాయకుడు మైకేల్ స్టైప్ ఆ కొట్టుకు వచ్చే కళా విద్యార్థి. 1980 ఏప్రిల్ 5న, వాడకం లేని ఒక చర్చిలో స్నేహితురాలి పుట్టినరోజు విందులో మొదటిసారి వాయించారు. బృందానికి పేరు నిఘంటువు తిరగేసి పెట్టుకున్నారు. నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులోని మూడు పొడి అక్షరాలవి. 1981లో ఒక చిన్న సంస్థ ద్వారా తొలి సింగిల్, మరుసటి ఏడు ఐదు పాటల క్రానిక్ టౌన్ విడుదలయ్యాయి. అది పూర్తి ఆల్బము కాదు కనుక నా పదిహేనింటిలో చేరదు, అయినా విడిగా వినవలసినదే.

మొదటి ఆల్బము మర్మర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పెద్దగా పేరులేని ఒక బృందం తొలి ఆల్బమును, మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ ఊపులో ఉన్న ఏడాదిలో, రోలింగ్ స్టోన్ పత్రిక 1983కు ఉత్తమ ఆల్బముగా ఎంచింది. సీడీ డబ్బా చేతిలోకి తీసుకుంటే ముందు కనిపించేది నేలనూ చెట్టునూ గుర్తుపట్టరానంతగా కప్పేసిన ఒక తీగ. దాని పేరు కుడ్జు. జపాన్ నుంచి తెచ్చి నాటితే అమెరికా దక్షిణాదిని ఆక్రమించిన మొండి మొక్క అది. మన బందరు కాలువలోనూ ఏలూరు కాలువలోనూ నీళ్లు కనబడకుండా అల్లుకుపోయే గుర్రపుడెక్కను చూసినవాళ్లకు ఆ బొమ్మను విడమరచి చెప్పనక్కరలేదు. అట్ట వెనక పాత కొయ్య రైలు వంతెన ఒకటి ఉంటుంది. లోపలి సంగీతం కూడా ఆ అట్టలాగానే ఉంటుంది. ఆల్బము పేరుకు గొణుగుడు అని అర్థం చెప్పుకుంటే, గాయకుడు చేసేది అక్షరాలా అదే. మాట మొదలవుతుంది, సగంలో గిటారు తీగల చప్పుడులో కలిసిపోతుంది, తరువాతి మాట ఎక్కడో తేలుతుంది. పాటల సాహిత్యం పుస్తికలో అచ్చువేయలేదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకే అర్థం కాని పాట కాబట్టి, ఈ ఆల్బము ముందు విజయవాడ శ్రోత, న్యూయార్కు శ్రోత సమానమే. ఆ సంగతి నాకు ఇన్నేళ్లూ రహస్యంగా సంతోషం కలిగిస్తూనే ఉంది.

ఈ ఆల్బమును నిర్మించిన మిచ్ ఈస్టర్, డాన్ డిక్సన్ అప్పట్లో రాజ్యమేలుతున్న సింథసైజర్ల హోరును దగ్గరికి రానివ్వలేదు. గిటారును దండిగా మోగించకుండా, తీగ తీగ విడివిడిగా, చిరుగంటల్లా వినబడేట్టు బక్ వాయిస్తాడు. బేస్ గిటారు అడుగున దరువు పట్టుకొని కూర్చోదు, తన పాట తాను పాడుకుంటుంది. మైక్ మిల్స్ వెనకనుంచి పాడేది ఉత్త తోడు గొంతు కాదు, దాన్ని వంత అనాలి. బుర్రకథలో వంతలిద్దరూ అందుకోకపోతే కథకుడు ఎంతటివాడైనా కథ ఎలా నడవదో, మిల్స్ అందుకోకపోతే స్టైప్ పాట అలాగే నడవదు. పదిహేను ఆల్బముల్లోనూ నేను వెతుక్కుంటూ విన్నది ఆ రెండో గొంతునే. అది వెనక్కి తగ్గిన చోటల్లా ఆల్బము చప్పబడింది.

ఆ తరువాతి నాలుగేళ్లూ ఏడాదికి ఒకటి చొప్పున ఆల్బములు వచ్చాయి. ఐ.ఆర్.ఎస్. అనే చిన్న సంస్థ, ఊరూరా వ్యానులో ప్రయాణం, పెద్ద రేడియోలు పట్టించుకోకపోయినా విద్యార్థులు నడిపే కళాశాల రేడియో కేంద్రాల ఆదరణ, ఇవే వాళ్ల పెట్టుబడి. ఇండీ అనే మాటకు ఇవాళ ఒక రకమైన సంగీతం అనే అర్థం స్థిరపడింది కానీ, నిజానికి అది ముందు ఒక బతుకుతెరువు పేరు. పెద్ద సంస్థల సొమ్ము ముట్టకుండా, తమకు నచ్చినట్టు వాయించుకుంటూ, ఈ ఊరి వసూళ్లతో పై ఊరికి చేరడం. 1984 నాటి రెకనింగ్ హాయిగా సాగిపోతుంది, మర్మర్ నచ్చినవాళ్లు కళ్లు మూసుకొని కొనవచ్చు. 1985 నాటి ఫేబుల్స్ ఆఫ్ ది రీకన్‌స్ట్రక్షన్ కొంచెం మొండి సరుకు. జో బోయిడ్ నిర్మాతగా లండన్‌లో, చలిలో, వానలో, ఇంటి మీద బెంగతో రికార్డు చేసిన ఆల్బము అది. ఆ బెంగంతా తమ దక్షిణాది ఊళ్లలోని వింత ముసలివాళ్ల మీదికీ, రైళ్ల మీదికీ మళ్లింది. అందులో ఒక రైలు డ్రైవరు పాట ఉంది. మా సత్యనారాయణపురంలో ఒకప్పుడు ఇళ్ల నడుమ నుంచి రైలు పట్టాలు వెళ్లేవి, ఇప్పుడు అక్కడ వెడల్పాటి బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది. కిటికీ తెరిచి ఆ పాట పెట్టుకుంటే, లేని రైలు వస్తున్నట్టే ఉంటుంది.

1986 నాటి లైఫ్స్ రిచ్ పేజెంట్ దగ్గర పెద్ద మలుపు. డాన్ గేమన్ అనే నిర్మాత గాయకుడి గొంతును గిటార్ల వెనకనుంచి ముందుకు లాక్కొచ్చాడు. మాటలు స్పష్టంగా వినబడటం మొదలయ్యేసరికి, వినబడే మాటలకు బాధ్యత కూడా వచ్చి పడింది. పర్యావరణం, రాజకీయం పాటల్లోకి నేరుగా వచ్చాయి. ఒక సరదా సంగతి: ఈ సీడీ వెనక అట్ట మీద పాటల వరుస ఒకటి, లోపల మోగే వరుస మరొకటి. నేను మొదటిసారి విన్నప్పుడు అమ్మినవాడు మోసం చేశాడనుకున్నాను. అసలు ముద్రణే అలా ఉంటుంది. 1987 నాటి డాక్యుమెంట్‌తో స్కాట్ లిట్ సహనిర్మాతగా చేరాడు, ది వన్ ఐ లవ్ అనే పాట అమెరికా పట్టికలో మొదటి పదింటిలోకి ఎక్కింది. చాలామంది దాన్ని ప్రేమగీతం అనుకొని ఒకరికొకరు అంకితాలు ఇచ్చుకున్నారట. కాస్త శ్రద్ధగా వింటే అది వాడుకొని వదిలేసేవాడి పాట.

మొదటి పది ఆల్బముల్లో ఏ సీడీ పుస్తిక తెరిచినా పాటల రచన కింద నాలుగు పేర్లూ కలిసే కనిపిస్తాయి: బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. అది అక్షరక్రమం, అంతకుమించి హెచ్చుతగ్గులేమీ లేవు. పాట ఎవరి బుర్రలో పుట్టినా పేరూ డబ్బూ నలుగురికీ సమానంగా చేరాలన్నది మొదట్లోనే పెట్టుకున్న కట్టుబాటు. మన వైపు నాటక సమాజాలు, మేళాలు వాటాల దగ్గర, పేర్ల వరుస దగ్గర ఎలా చీలిపోతాయో ఎరిగినవాళ్లకు ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. ముప్పై ఏళ్లపాటు వాళ్లు ఒకరి మీద ఒకరు కోర్టులకు ఎక్కకుండా ఉన్నారంటే, సంగీతం కంటే ముందు ఈ ఒక్క పద్దునే మెచ్చుకోవాలి.

1988లో వాళ్లు వార్నర్ అనే పెద్ద సంస్థకు మారారు. అమ్ముడుపోయారన్న నింద సహజంగానే వచ్చింది. ఆ ఏడాది అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళకు గ్రీన్ విడుదలైంది. నింద ఎలా ఉన్నా ఆల్బములో మాత్రం లొంగుబాటు కనిపించదు. చివరి పాటకు పేరే పెట్టలేదు. రికార్డు రెండు ముఖాలకు ఒకటి, రెండు అనకుండా గాలి ముఖం, లోహం ముఖం అని పేర్లు పెట్టారు. తొలిసారిగా ఒక్క పాట సాహిత్యాన్ని మాత్రం అచ్చువేశారు. బక్ మాండలిన్ ముట్టుకోవడం ఈ ఆల్బముతోనే వినబడుతుంది. సగం పాటలు అరుపులు, సగం పాటలు జోలలు అన్నట్టుండే ఈ ఆల్బమును నేను గౌరవిస్తాను కానీ తరచుగా పెట్టుకోను. తరువాతి అవుట్ ఆఫ్ టైమ్, 1991, వాళ్లను లోకమంతా ఎరిగేట్టు చేసింది, అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. స్టైప్ తప్ప మిగతా ముగ్గురూ తమ తమ వాద్యాలు విసుగెత్తి ఒకరివి ఒకరు మార్చుకొని వాయించిన ఆల్బము అది. ఇంత పేరొచ్చినా దాని కోసం కచేరీల యాత్ర చేయలేదు. మాండలిన్ పాట తీసేస్తే మిగిలినది కొంచెం ఎగుడుదిగుడు సరుకేనని నా అభిప్రాయం. ఈ మాట అంటే నా ఈడువాళ్లు కొందరు నొచ్చుకుంటారని తెలుసు.

ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్ అలా కాదు. 1992 అక్టోబరులో వచ్చిన ఈ ఆల్బము పేరు ఏథెన్స్‌లో వీవర్ డీస్ అనే చిన్న భోజన హోటలు బోర్డు మీద ఉండే మాట. ఏది అడిగినా హోటలాయన ఆటోమేటిక్ అనేవాడట, ఇదిగో వచ్చేసింది అన్న అర్థంలో. గాంధీనగర్‌లో ఏదైనా పాత టిఫిను హోటల్లో కూర్చొని ఇడ్లీ చెబితే, వంటగది వైపు తలైనా తిప్పకుండా వచ్చేస్తోందండీ అనే సర్వరు గొంతు నాకు అక్కడ వినబడింది. ఇలాంటి పేరు పెట్టుకున్న ఆల్బము నిండా చావు, ముసలితనం, పోయినవాళ్ల జ్ఞాపకం ఉన్నాయి. రాసినవాళ్లు అప్పటికి ముప్పైల్లో ఉన్నవాళ్లు. కొన్ని పాటలకు తీగవాద్యాల కూర్పు లెడ్ జెప్లిన్ బృందానికి చెందిన జాన్ పాల్ జోన్స్ చేశాడు. ఎవ్రిబడీ హర్ట్స్ పాటను వినండి. అది ప్రధానంగా డ్రమ్స్ వాయించే బెర్రీ తెచ్చిన పాట. అయినా అందులో దరువు చాలా వరకు ఒక చిన్న డ్రమ్ యంత్రానిది. గడియారం ముల్లు కదిలినట్టు అది టిక్కు టిక్కుమంటుంటే, మర్మర్‌లో ఒక్క మాటా తెలియనివ్వని గాయకుడు ఇక్కడ చిన్నపిల్లలకు చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి పాడతాడు. పదేళ్లలో ఈ బృందం ఎంత దూరం నడిచిందో చూడాలనుకుంటే ఆ రెండు ఆల్బములను ఒకే సాయంత్రం వింటే చాలు.

ఈ సీడీ పాత ముద్రణలో డిస్కు కూర్చునే ప్లాస్టిక్ పళ్లెం పసుపుపచ్చగా, పారదర్శకంగా ఉంటుంది. నా దగ్గరున్నది అదే. నడుమ డిస్కును పట్టుకునే పళ్లలో రెండు విరిగిపోయాయి, డబ్బా తెరిచినప్పుడల్లా డిస్కు ఒళ్లో పడుతుంది. అయినా మార్చబుద్ధి కాలేదు. 2017లో ఇరవై అయిదేళ్ల సందర్భంగా మూడు సీడీలు, ఒక బ్లూ-రే కలిపి ఖరీదైన పెట్టె ఒకటి విడుదల చేశారు. అందులో 1992లో ఏథెన్స్‌లోని 40 వాట్ క్లబ్బులో వాయించిన కచేరీ కూడా ఉంది. ఆ ఆల్బము వచ్చినప్పుడు వాళ్లు యాత్ర చేయలేదు కనుక ఆ కచేరీ రికార్డుకు విలువ ఉంది. కానీ తొలి పన్నెండు పాటలకే అంత సొమ్ము పెట్టనక్కరలేదు, మామూలు సీడీ చాలు.

1994 నాటి మాన్‌స్టర్‌ను వేగంగా దాటేస్తాను. నెమ్మది పాటలతో విసిగి గిటార్ల హోరుకు దిగారు, మొదటి పాట మాత్రం అదిరిపోతుంది. పాత సీడీలు అమ్మే చోట అన్నిటికంటే సులువుగా, చవగ్గా దొరికేది ఈ నారింజ రంగు అట్టే, కొన్నవాళ్లు ఎందుకు వదిలించుకున్నారో మూడో పాటకు అర్థమవుతుంది. 2019లో స్కాట్ లిట్ స్వయంగా దీన్ని మళ్లీ మిక్స్ చేసి గొంతును పైకి తెచ్చాడు. కొనేవాళ్లు ఆ ముద్రణే చూసుకోవాలి.

దాని కోసం 1995లో చేసిన యాత్ర వాళ్ల పాలిట గండం. మార్చి 1న స్విట్జర్లాండులోని లోసాన్‌లో వేదిక మీదే బెర్రీ మెదడులో రక్తనాళం ఉబ్బు బయటపడి కూలబడ్డాడు. శస్త్రచికిత్స తరువాత కోలుకొని తిరిగి వచ్చాడు. ఆ ఏడాదే మిల్స్‌కు పేగుల శస్త్రచికిత్స, స్టైప్‌కు హెర్నియా శస్త్రచికిత్స జరిగాయి. ఇన్ని ఆసుపత్రుల మధ్య, కచేరీల్లోనూ వాటికి ముందు వాద్యాలు సరిచూసుకునే వేళల్లోనూ రికార్డు చేసిన పాటలే 1996 నాటి న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫైలో చాలా భాగం. 65 నిమిషాల నిడివి ఉన్నా ఎక్కడా సాగదీసినట్టుండదు. రోడ్డు మీద, బస్సు కిటికీలోంచి చూస్తూ రాసుకున్న పాటల గాలి అందులో ఉంది. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఆటోమేటిక్‌ను పక్కన పెట్టి దీన్నే ఎంచుకుంటాను. అదే ఏడాది వార్నర్‌తో ఒప్పందం కొనసాగించుకున్నారు, దాని విలువ 8 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి.

1997 అక్టోబరులో బెర్రీ తప్పుకున్నాడు. తాను వెళ్తే బృందం విచ్ఛిన్నమవుతుందనుకుంటే ఉండిపోతానని కూడా మిగతా ముగ్గురికీ చెప్పాడు. వాళ్లు వెళ్లమన్నారు. ఆయన జార్జియాలోనే పొలం చూసుకుంటూ, ఎండుగడ్డి పండిస్తూ స్థిరపడ్డాడు. డెల్టాలో పొలాలమ్మి పిల్లల్ని అమెరికా పంపే ప్రాంతంలో ఉన్నవాణ్ని, కోట్ల ఒప్పందాన్ని వదిలి గడ్డి కోసుకోవడానికి వెళ్లిన అమెరికావాడి కథ నాకు ఎన్నిసార్లు తలచుకున్నా కొత్తగానే ఉంటుంది.

మిగిలిన ముగ్గురూ కొత్త డ్రమ్స్ కళాకారుణ్ని సభ్యుడిగా తీసుకోలేదు. 1998 నాటి అప్ ఆల్బములో ఆ ఖాళీని ఖాళీగానే ఉంచారు. డ్రమ్ యంత్రాలు, పాత కీబోర్డులు, ఎక్కడో గొణిగే ఎలక్ట్రానిక్ ధ్వనులు, వాటి మధ్య దిక్కుతోచని ముగ్గురు మనుషులు. ఆ ఆల్బము చేస్తుండగానే బృందం విడిపోయేంత వరకు వెళ్లిందట, వింటే నమ్మవచ్చు. పాటలన్నిటి సాహిత్యాన్నీ పుస్తికలో అచ్చువేసింది ఇందులోనే మొదటిసారి. ఒకప్పుడు మాటలు దాచుకున్నవాళ్లు, వెనక ఆసరాగా ఉన్న దరువు పోయాక, కాగితం మీద మాటల్ని పట్టుకున్నారనిపించింది. ఈ ఆల్బమును చాలామంది పెదవి విరిచి పక్కన పెడతారు. నేనూ మొదట అలాగే చేశాను. వరుసలో పదకొండో రోజున, కరెంటు పోయి ఫ్యాను ఆగి, ఇన్వర్టరు మీద ప్లేయరు మాత్రమే నడుస్తున్న మధ్యాహ్నం దీన్ని విన్నాను. డేస్లీపర్ అనే పాట వస్తోంది. రాత్రి పనిచేసి పగలు నిద్రపోయేవాడి అలసట మీద కట్టిన పాట. మా వీధిలో రాత్రి విధులు ముగించుకొని వచ్చి కిటికీలకు దుప్పట్లు కట్టుకొని పడుకునే ఐటీ కుర్రాళ్లు ముగ్గురున్నారు. చప్పుడు తగ్గించి విన్నాను. ఈ పదిహేనింటిలో తక్కువ అంచనాకు గురైన సరుకు ఏదంటే ఇదే అంటాను.

2001 నాటి రివీల్‌లో ఒకటి రెండు మంచి పాటలున్నాయి. 2004 నాటి అరౌండ్ ది సన్ కొనకండి. ప్రతి పాటా ఒకే నడక, ఒకే మందం, మిల్స్ వంత ఎక్కడో గోడ అవతల ఉన్నట్టు. దాని మీద పీటర్ బక్ కూడా తరువాత అసంతృప్తి వెలిబుచ్చాడు. వాయించినవాళ్లకే నచ్చనిదాన్ని మనం డబ్బిచ్చి మోయనక్కరలేదు. ఆ దెబ్బకు మేల్కొని, కొత్త పాటలను డబ్లిన్‌లో శ్రోతల ఎదుట ముందే వాయించి చూసుకొని, 2008లో యాక్సిలరేట్ తెచ్చారు. 35 నిమిషాలు కూడా నిండని, ఊపిరి తీసుకోనివ్వని ఆల్బము. పాటలు బాగున్నాయి, రికార్డింగు మాత్రం చెవులకు శిక్ష. చిన్న ధ్వనినీ పెద్ద ధ్వనినీ ఒకే ఎత్తుకు నొక్కేసి, అంతా గరిష్ఠ స్థాయిలో మోగేట్టు చేసే అలవాటు ఆ రోజుల్లో పరిశ్రమనంతా పట్టుకుంది. మర్మర్ విన్నప్పటి వాల్యూమ్ మీదే దీన్ని పెడితే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఏమండీ, స్పీకరు పాడైందా అని అడిగింది. 2011 మార్చిలో వచ్చిన కొలాప్స్ ఇంటు నౌ హుందాగా ఉంటుంది. అదే ఏడాది సెప్టెంబరు 21న బృందాన్ని ముగిస్తున్నట్టు ప్రకటించారు. వీడ్కోలు యాత్ర లేదు, చివరి కచేరీ అంటూ టిక్కెట్లు అమ్మలేదు. 2024 జూన్‌లో పాటల రచయితల గౌరవ సభలో బెర్రీతో సహా నలుగురూ కలిసి మాండలిన్ పాట ఒక్కటి వాయించి, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

ఇక కొనుగోలు కష్టాలు. విజయవాడలో ఇప్పుడు ఇంగ్లీషు సీడీలు అమ్మే దుకాణం నాకు కనబడలేదు. ఒకప్పుడు బీసెంట్ రోడ్డులో క్యాసెట్లు దొరికిన చోట్ల ఫోను కవర్లు వేలాడుతున్నాయి. అన్నీ ఆన్‌లైన్‌లో, సగానికి పైగా వాడిన సరుకే తెప్పించుకున్నాను. ఒక అమ్మకందారు పంపిన ఫేబుల్స్ డబ్బా తెరిస్తే లోపల క్రిస్మసు పాటల డిస్కు ఉంది. ఫోటోలు తీసి పంపి, నాలుగు ఉత్తరాలు రాసి, వాళ్లు తిరిగి పంపేసరికి ఏడు వారాలు పట్టింది. వాడిన సీడీ కొనేటప్పుడు అట్ట ఫోటో కాక డిస్కు అడుగుభాగం ఫోటో అడగండి. ఇంకొకటి, కృష్ణ ఒడ్డున ఉండే ఈ ఉక్కలో పుస్తికల కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. వానాకాలం రాకముందే ఒకసారి తెరిచి, నీడలో ఆరబెట్టి పెట్టుకోవాలి.

మా తమ్ముడి కొడుకు బీటెక్ చదువుతున్నాడు. అర చూసి, పెదనాన్నా, ఇవన్నీ ఫోన్‌లో ఉన్నాయిగా, ఎందుకు కొన్నారు అన్నాడు. ఉన్న మాటే. ధ్వనిలో తేడా నా ప్లేయరు మీద చెప్పుకోదగినంత ఏమీ లేదు, కొన్ని ఆల్బములు ఫోన్‌లో కొత్త మాస్టరింగుతో ఇంకా మెరుగ్గానే వినబడ్డాయి. తేడా వరుసలో ఉంది. ఫోను ఒక పాట కాగానే తనకు తోచిన మరో పాటను వేస్తుంది, ఎవరో ఎక్కువగా విన్నదే మనకూ వినిపిస్తుంది. అప్ ఆల్బమును అది నాకు ఏనాడూ చూపించలేదు. పుస్తికలో ఆ నాలుగు పేర్లు మూడు కావడం ఫోన్‌లో కనబడదు. అందుకని నా సలహా ఇది: మర్మర్, లైఫ్స్ రిచ్ పేజెంట్, ఆటోమేటిక్, న్యూ అడ్వెంచర్స్, అప్, ఈ అయిదూ కొనండి, మిగిలిన పదీ ఫోన్‌లో వినండి. అరౌండ్ ది సన్ కావలసినవాళ్లెవరైనా ఉంటే నాది కొత్తదానిలాగే ఉంది, ఒక్కసారే మోగింది, పంపించే ఖర్చు పెట్టుకుంటే ఇచ్చేస్తాను. మర్మర్ మాత్రం అడగవద్దు. ఆ కుర్రాడు దాన్ని విని చూస్తానని తీసుకెళ్లి నెల దాటింది, ఇంకా తేలేదు.